ఫోన్‌లో చెయ్యమంది

ఏమండీ,

డబుల్ డ్యూటీ దిగి రాగానే కీర్తన ఒళ్లు చూడండి. తెల్లవారేసరికి జ్వరం కాస్త తగ్గింది. జావ గిన్నెలో ఉంది, అది తాగించాకే సిరప్ పట్టండి. మీరు వచ్చేదాకా పక్కింటి అప్పాయమ్మగారు కూర్చుంటారు. ఎంత అడిగినా షాపులో నాకు సెలవివ్వలేదు.

నిన్న సాయంత్రం జ్వరం పెరిగి పాప కలవరించింది. ప్లాంటులో ఉన్న మీకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మంచం పక్కన మోకరించి "ప్రభువా" అన్నాను. ఆ తర్వాత ఒక్క మాట రాలేదు. రోజూ పాస్టరుగారు వాట్సాప్ గ్రూపులో పెట్టే వాక్యం చదవకుండానే బస్సులో నిలబడి ఆమెన్ కొడతాను. నా ఆమెన్ కిందే మీదీ ఉంటుంది. మనిద్దరి కుటుంబ ప్రార్థన ఇప్పుడు అదే.

నేను అలా ఉండిపోతే పాప కళ్లు తెరిచి, దిండు పక్కనున్న నా ఫోన్ తీసి చేతిలో పెట్టింది. "అమ్మా, మర్సిపోయావేటి? ప్రార్థన ఇందులో సెయ్యి" అంది.

జ్వరానికి మందుంది. దీనికి ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు.

మీరు అలసిపోయి ఉంటారని తెలుసు. అయినా పడుకునే ముందు ఫోన్ వంటగదిలో వదిలేసి పాప పక్కన కూర్చోండి. దానికి వినబడేలా, పైకి ప్రార్థన చెయ్యండి. ఎలా వస్తే అలాగే. ఆమెన్ దాన్నే అననివ్వండి.

ప్రసన్న

ప్రార్థనలో పాప పేరు చెప్పాక నా పేరు కూడా చెప్పండి. నాకు ఇంకా మాట రావడం లేదు.