వాగు అవతలి చెల్కలు

శనివారం, రాత్రి

ఇవాళ నా స్టూడెంట్ స్వప్నతో కల్వకుర్తి దగ్గర వాళ్ల ఊరికి వెళ్లాను. అక్కడ చెల్కలు అని పిలిచే మెట్ట పొలాల పాత పేర్లను పటం మీద ఎక్కించడం మా కల్చరల్ జాగ్రఫీ క్లాసు పని. స్వప్న వాళ్ల అవ్వ ఆ ఊళ్లో ప్రతి చెల్కలోనూ కూలి చేసిన మనిషి. సొంతానికి గుంట భూమి లేదు గానీ పేర్లన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి.

కలుపుకు పోయిన వరుసలోనే చెప్పుకుంటూ వచ్చింది. ఎలుగుబండ చెల్క, జిల్లేళ్ల చెల్క, ముసలెద్దు చెల్క. ఆ ముసలెద్దు ఎవరిదని ఆగలేక అడిగాను. అంతే, వరుస తప్పింది. మళ్లీ ఎలుగుబండ దగ్గర మొదలుపెట్టింది. ఇలా మూడుసార్లయింది.

"మేడం, మధ్యల అడగకుండ్రి. మా అవ్వ మల్ల మొదటికెల్లి సురు జేస్తది" అని స్వప్న ఒకటే నవ్వు. పీహెచ్‌డీ చేసినదాన్ని, నోరు మూసుకుని వినడం ఇవాళ నేర్చుకున్నాను.

పొద్దుగూకుతుంటే అవ్వ లేచింది. "వాగవతల చెల్కలు ఇంక మిగిలినయి బిడ్డా. గిప్పుడు పత్తిల కలుపున్నది. వచ్చే నెల రా, చెప్త" అంది.

నా కాంట్రాక్టు ఈ నెలాఖరుకే అయిపోతుంది. పొడిగిస్తారో లేదో ఆఫీసులో ఎవరూ చెప్పడం లేదు. ఆమెతో ఆ మాట అనలేక తల ఊపాను.

పటంలో వాగుకు ఇవతలంతా పేర్లతో నిండిపోయింది. అవతల తెల్లగా ఉంది. ఉద్యోగం ఉన్నా లేకపోయినా వెళ్తాను. ముసలెద్దు సంగతి మాత్రం అన్నీ చెప్పడం అయ్యాకే అడుగుతాను.