బాలింతకు నీళ్లు

మేడ్చల్, 1998. మంగళవారం రాత్రి.

నేను చెబుతుంటే కూతురు లత రాస్తోంది. నా తప్పేమీ లేదని ముందే రాయమన్నాను.

కోడలు పద్మకు కాన్పయి నాలుగు రోజులైంది. మా ఇళ్లలో బాలింతకు వేడి అన్నం, వెల్లుల్లి కారం పెడతాం. నీళ్లు మాత్రం గొంతు తడిసేంతే ఇస్తాం. పాలు చాలక పిల్ల ఒకటే ఏడుపు. ఈ రోజు దవాఖాన నర్సమ్మ వచ్చి నా మీదికి లేచింది.

"కడుపునిండ నీళ్లు తాగనియ్యి అవ్వా! లేకుంటే పాలు యాడికెళ్లి వస్తయి?"

"నాకే జెప్తవా? గీ పత్తెంతోనే ముగ్గురిని సాదిన!"

ఆమెను పంపించేశాను. పద్మ నా చేతిలోని చెంబు వైపే చూసింది. ఆ చూపు నన్ను పడుకోనివ్వడం లేదు.

నా కాన్పుల్లో నేనూ అలాగే చూశాను. అత్త నిద్రపోయాక బర్రె తాగే తొట్టిలో దోసిలి ముంచి తాగేదాన్ని. ప్రతి కాన్పుకూ తాగాను. నా ముగ్గురూ పత్యంతో బతికారో, ఆ నీళ్లతోనే బతికారో...

పిల్ల మళ్లీ ఏడుస్తోంది. లతా, ఇగ రాసింది చాలు. పొయ్యి ముట్టియ్యి, నీళ్లు కాగబెట్టు. పెద్ద చెంబు తే.