మూడోనాటి వాన

ఎర్రిస్వామీ,

నువ్వు ప్రాణం తీసుకుని నేటికి ఏడాది. నీ గురించి రాసిన కథను పొద్దున కుందుర్పిలో మీ అరుగు మీద కూర్చుని నీ భార్య లింగమ్మకు చదివి వినిపించాను. ఇదివరకు నా కథలన్నీ అక్కడే, అందరికన్నా ముందు నువ్వే వినేవాడివి.

మొదటి కథకే మండిపడ్డావు. "ఏమన్నా, కత ఆఖర్లో వాన కురిపిస్తివే! మేం మూడేండ్లుగా ఆకాశంలో మోడాల దిక్కు చూస్తాండాం. నీకు కాగితం మింద యాడ దొరికె?" అన్నావు. నాకు కోపమొచ్చింది. కానీ ఆ తర్వాత నా ఏ కథలోనూ చినుకు పడలేదు.

ఈ కథలోనూ అంతే. విత్తడానికి నువ్వు వలిచిపెట్టిన వేరుశనగలు, దుమ్ము లేస్తున్న చేను, నిన్ను పూడ్చిన గుంత. అక్కడితో ఆపేశాను.

లింగమ్మ చివరిదాకా వింది. తర్వాత అడిగింది.

"మూడోనాడు గుంత కాడ పాలు పోసి వస్తాంటే వాన వచ్చె గదన్నా. అందరం తడిస్తిమి. అదెందుకు రాయలేదు?"

"కథలో వాన వద్దని ఎర్రిస్వామే అన్నాడమ్మా."

"ఆయప్పకేం తెలుసు? ఆయప్ప చూడల్యా గదా."

అక్కడే కూర్చుని కథ చివర ఈ మాటలు చేర్చాను:

మూడోనాడు వాన పడింది. చేను విత్తడానికి పదునైంది. వలిచిన వేరుశనగలు గంపలో అలాగే ఉన్నాయి.