ముహూర్తానికి తెరిచిన బట్టీ

కొత్తగూడెం, 1984

సోమ్లా బావకు,

ఈ ఉత్తరం చదవంగనే, మా ఫ్యాక్టరీ ప్రారంభానికొచ్చి నువ్వు తీస్కపోయిన పసుపు పొట్లం ఎక్కడుందో చూడు. బాలికి జ్వరమని అక్క దాన్ని పిల్ల నోట్లె వెయ్యకముందే గుంత తీసి పాతిపెట్టు. అది పసుపు గాదు బావా, టంగ్‌స్టన్. బల్బుల తీగ చేసే లోహం.

ఆ లోహం పొడిని అచ్చుల వత్తి, గాలి తగలకుండ బట్టీల కాలుస్తం. అది కరగదు. గంటలకొద్ది కాలితేనే రేణువులు ఒకదానికొకటి అతుక్కొని, నడుమ సందులు పూడి, కడ్డీ చిన్నగయి గట్టిపడుతది. చల్లారినంకనే తలుపు తియ్యాలె. ఆనాడు సగం గూడ కాలలే. "ముహూర్తం దాటిపోతది, తియ్యిండ్రి" అన్నడు చైర్మన్. వేడి మీద గాలి తగిలి, కడ్డీ కావాల్సింది పసుప్పచ్చ పొడి అయింది. పంతులేమో అమ్మవారి మహిమ అని మొక్కిండు. చైర్మన్ పొట్లాలు కట్టించి అందరికీ పంచిండు. నేను అసలు సంగతి చెప్పబోతే, నా నొసటనే ఇంత పూసిండు.

బాలిని జల్దీ దవాఖానకు తీస్కపో. మీ ఊరి డాక్టర్ దగ్గరికి మాత్రం వద్దు. ఆయన ఆనాడు రెండు పొట్లాలు అడిగి మరీ తీస్కున్నడు.

నీ బామ్మర్ది