రమణ విడుదల కాగితం

అప్పన్న బావా,

పోయినవాడి విశ్రాంతికి భంగం కలిగిస్తున్నందుకు, మన ఖిదిర్‌పూర్ కూలీల ఫుట్‌బాల్ క్లబ్బు కార్యదర్శినీ బి.కాం. పట్టభద్రుడినీ అయిన నేను సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. కార్యవర్గ తీర్మానం లేకుండానే పడ్డాను.

ఇవాళ బెంగాలీల సంవత్సరాది. ఎప్పటిలాగే మైదానంలో గోల్‌పోస్టుకు బొట్టు పెట్టి, దండ వేసి పూజ చేశాం. మన ఖజానా నీకు తెలిసిందే. ఓడరేవు డాకు కూలీల చందాలతో ఆటగాడికి ఒక గుడ్డు, రెండు టోస్టులు, బస్సు ఛార్జీ ఇవ్వగలం. ప్రసాదం పంచుతుంటే పై డివిజన్ క్లబ్బుకు ఆటగాళ్లను వెతికిపెట్టే ఘోష్‌దా వచ్చాడు. నీ తమ్ముడు రమణ కావాలన్నాడు. ఆఫీసు ఉద్యోగం కూడా ఇప్పిస్తాడట.

"ఒరే సెక్రట్రీ, ఆడెల్లిపోతే మీ కలబ్బు ఏటవుద్దిరా?" అంది మీ అమ్మ.

"మూసేత్తామత్తా. గోల్‌పోస్టులు నీకిచ్చేత్తాను, బట్టలారేసుకో."

డాకులో బస్తాలు మీద పడి నువ్వు పోయాక ఆవిడ నవ్వగా చూడటం ఇవాళే. రమణను ఆ క్లబ్బుకు వదిలేస్తున్నట్టు విడుదల కాగితం మీద సంతకం పెట్టాను. గొప్ప మనసని అందరూ నా వీపు తట్టారు.

రెండేళ్ల క్రితం ఇదే పూజకు, ఇదే ఉద్యోగం మాటతో, ఘోష్‌దా నీకోసం వచ్చాడు బావా. నువ్వు డాకులో డ్యూటీలో ఉన్నావు. నువ్వెళ్తే మనం కింది డివిజన్‌కు పడిపోతామన్న భయంతో, నీ మోకాలు పాడైపోయిందని చెప్పి ఆయన్ని పంపేశాను.

సాయంత్రం వచ్చి, "నాకోసం ఎవులైనా వచ్చారేటిరా?" అని అడిగావు.

"ఎవులూ రాలేదు బావా" అన్నాను.