మూడు గంటల మస్కట్

ఏవండీ,

ఎలా ఉన్నారని రాయబోయి ఆగిపోయాను. మీరు పోయి ఇవాళ్టికి మూడు నెలలు. చుట్టుపక్కల అందరూ "ఇంక ఊరుకో సువార్తా" అంటున్నారు. ఊరుకోవడం నావల్ల కావడం లేదు... నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువగా వస్తోంది.

వడ్రంగి పనికని మస్కట్ వెళ్ళేముందు, బడి నుంచి అట్లాసు అడిగి తెచ్చి, బొంబాయికీ మస్కట్‌కీ మధ్య దారం పెట్టి కొలిచారు, గుర్తుందా? "చూడవే, వెయ్యి మైళ్ళు కూడా లేదు. విమానంలో మూడు గంటలు కూడా పట్టదంట. మనం సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు కోసం కూర్చునే సేపట్లో సముద్రం దాటేత్తాను" అన్నారు.

నేను నమ్మాను. మూడు గంటల దూరంలో ఉన్న మనిషి మూడేళ్ళు ఎందుకు రాలేదండీ? మొదటి ఏడాది పని తెమల్లేదన్నారు. రెండో ఏడాది పాస్‌పోర్టు కంపెనీవాళ్ళ దగ్గర ఉండిపోయిందన్నారు. మూడో ఏడాది ఏమీ అనలేదు...

ఓ మంగళవారం బల్ల చెక్కుతూ కుప్పకూలిపోయారట. గుండె అన్నారు. ఆ కబురు నాకు చేరింది తొమ్మిదో రోజున. ఆ తొమ్మిది రోజులూ నేను మామూలుగా అన్నం తిన్నాను. మీకు ఉత్తరం కూడా రాశాను. మాగాయ పంపించనా అని అడిగాను. ఆ ఉత్తరం ఎవరు చదివారో...

తర్వాత కాగితాలు. పాస్‌పోర్టులో 'రత్నం', రేషను కార్డులో 'ఏసురత్నం'. ఇద్దరూ ఒకరేనని ఆఫీసరు రాసిస్తేగాని మిమ్మల్ని విమానం ఎక్కించరట. మీ తమ్ముడు ప్రకాశంతో అమలాపురం నాలుగుసార్లు తిరిగాను. గుమాస్తాగారు తలెత్తకుండానే, "అయ్యగారు క్యాంపుకెళ్ళేరమ్మా. సోమవారం రండి" అనేవారు. నాలుగోసారి ఆయన బల్ల ముందే నేల మీద కూర్చుండిపోయాను. "మా ఆయన్ని అక్కడ ఐసులో పెట్టేరండి. నేను సోమవారం దాకా ఇక్కణ్ణించి కదలనండి" అన్నాను. మీ దగ్గర కూడా అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ సాయంత్రమే సంతకం పడింది.

మీరు బయలుదేరడానికి ఇరవై ఆరు రోజులు పట్టింది. గాల్లో మాత్రం మీరు చెప్పినంతసేపే... బొంబాయి నుంచి ప్రకాశం వ్యానులో తీసుకొచ్చాడు. తీరా నరసాపురం రేవుకి వచ్చేసరికి ఏరు పోటు మీద ఉంది, పంటు కదలదన్నారు. మీరు అవతలి గట్టున, నేను ఇవతల సఖినేటిపల్లి గట్టున. ఆ ఎండలో ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలీదు.

సమాధుల తోటలో పెట్టె తెరవొద్దన్నారు. పాస్టరుగారూ వద్దన్నారు. నేను వినలేదు. మూడేళ్ళు ఎదురుచూసింది పెట్టె కోసం కాదన్నాను. తెరిచారు.

మీ జుట్టంతా తెల్లబడిపోయింది... ముప్పై ఎనిమిదేళ్ళకే! పంపిన ఫోటోల్లో నల్లగానే ఉందే? ఫోటో కోసం రంగు వేసుకునేవారా? ఒంట్లో బాగుండటం లేదని ఒక్క ముక్క రాస్తే నేనేమైపోతానని దాచారు? మీ తల మీద చెయ్యి వేసి, అందరూ వింటుండగానే మిమ్మల్ని తిట్టాను. ఏమని తిట్టానో ఇప్పుడు గుర్తులేదు. ఎవరూ నన్ను ఆపలేదు.

కోపం పోలేదండీ. పోయిందని అబద్ధం రాయను. ఆదివారం ఆరాధన అయ్యాక మీ దగ్గరికి వస్తాను. పువ్వులు తేను. కాసేపు కూర్చుని, మీ మీద మొలిచిన గడ్డి పీకి వెళ్తాను.

మీ
సువార్త