అమ్మ పేరున ఏరిన పండ్లు

కింబే, మూడో లైను
ఆగస్టు 9

బెర్నా తల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేను, రొసా అత్త, రెండు పందులు బాగానే ఉన్నాం. మదాంగ్‌లో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను.

పోయిన ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. వాన బాగానే పడింది, చిలగడదుంప నిలిచింది. మోకాలు వంగితే నొప్పి, లేస్తే ఇంకా నొప్పి. మూడోది, నీ ఫీజు ఎక్కడి నుంచి వస్తోందని. అది రెండేళ్లుగా దాటవేస్తున్నాను.

పామాయిల్ గెలలు కోసినప్పుడు రాలే విడి పండ్లు ఆడవాళ్లవని, ఆ డబ్బు వాళ్ల కార్డు మీదే పడాలని కంపెనీ రూలు కదా. నా కార్డు మీద పడేది ఎరువుకూ చుట్టాలకూ పోతుంది. తన కార్డు మీదది నీ చదువుకేనని అమ్మ మాట. అమ్మ పోయిన సంగతి నేను కంపెనీకి చెప్పలేదు తల్లీ. ఆ పండ్లు నేనే ఏరి, ఆమె వల సంచిలో పోసి, రోడ్డు పక్కన పెట్టి, దానికి ఆమె కార్డు తగిలిస్తూ వచ్చాను. వలలను క్రేనుతో ఎత్తుకెళ్లే లారీ డ్రైవరు కెపాస్‌కు తెలుసు. తూకం రాసి తల తిప్పుకునేవాడు.

రోజూ నోటుపుస్తకంలో అన్నీ రాసుకునే నాకు ఒకటి తట్టలేదు. మిగతా ఆడవాళ్ల తూకాలు కాన్పులకూ చావులకూ తగ్గుతాయి. అమ్మది ఒక్క కోతకూ తప్పలేదు. పోయినవాళ్లకు జ్వరాలు రావు కదా.

మంగళవారం పోర్ట్ మోర్స్‌బీ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి కెమెరాతో దిగింది. అడవినీ ఆడవాళ్లనూ చూసుకుంటే లాభమూ పెరుగుతుందని చూపిస్తూ విదేశంలోని వాటాదారులకు ఏటా పుస్తకం వేస్తారట. ఒక్క కోతా తప్పని మనిషని ఈసారి అట్ట మీద ఫొటోకు లుడ్వినా, మీ అమ్మ.

రొసా నన్ను పక్కకు లాగింది. "ఫొటోకు వదినగా నేను నిలబడతాను అన్నయ్యా. వదినకంటే నేనే అందగత్తెను, కంపెనీకి లాభమే!"

"నువ్వా?" అన్నాడు పక్కనే ఉన్న కెపాస్. "నీ వల ఎత్తడానికి క్రేనెందుకు, నా చిటికెన వేలు చాలు."

నాకు నవ్వు రాలేదు. ఆ అమ్మాయిని ఇంటి వెనక్కి తీసుకెళ్లి సమాధి చూపించాను. ఆమె కెమెరాకు మూత పెట్టేసింది. తర్వాత మెల్లగా, "బాబాయ్, లెక్కలు పైకి వెళ్లిపోయాయి. ఒక పేరు కొట్టేస్తే అందరి పేర్లూ మళ్లీ చూడమంటారు. ఫొటో ఇంకెవరిదో తీసుకుంటాను. పుస్తకంలో పేరు ఉండనీ, కార్డు నడవనీ" అంది.

నీ ఫీజు కళ్లముందు మెదిలింది. అయినా కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాను. నీ చదువు కోసం అమ్మను కాగితం మీద బతికించాను. వాళ్ల పుస్తకం కోసం బతికించలేకపోయాను. అలసిపోయాను తల్లీ. రెండో విడత ఫీజు నా దగ్గర లేదు. కాలేజీలో గడువు అడిగి ఉంచు.

నిన్న కోత. అలవాటు కొద్దీ పండ్లు ఏరి వల నింపాను. కార్డు లేని వలను కెపాస్ ఎత్తకూడదు.

"ఎవరివి మామా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే రొసా వచ్చి తన కార్డు తగిలించింది. "నావే. ఏరలేక నడుం పడిపోయిందనుకో. బెర్నా నర్సయ్యాక ఊరికే వైద్యం చేస్తుందిలే."

నిజానికి పొద్దున్నుంచి అప్పటిదాకా ఆమె చాప మీంచి లేవనే లేదు. కెపాస్ తూకం రాసి తల తిప్పుకున్నాడు. నేను మాత్రం నిన్న నోటుపుస్తకం తెరవలేదు.

ఇట్లు,
మీ అమ్మ వంతు కూడా వంగిన
నాన్న అలోయిస్